అమ్మినవాడా, చేసినవాడా?

మన ఊళ్లలో సెల్‌ఫోన్ బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో రెండు మాటలు కనిపిస్తుంటాయి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఒకటి, ‘వారంటీ కంపెనీదే, షాపుకు సంబంధం లేదు’ అని ఇంకొకటి. డబ్బు కట్టేదాకా కుర్చీ వేసి కూర్చోబెట్టి, పాత ఫోన్లోని నంబర్లన్నీ కొత్తదానిలోకి ఎక్కించి, స్క్రీన్ గార్డు తన చేత్తో అంటించిన కుర్రాడే, వారం తిరక్కుండా ఫోన్ ఆగిపోయిందని వెళ్తే సర్వీస్ సెంటర్ అడ్రసు చేతిలో పెడతాడు. మనకు అతని మీద కోపం కూడా రాదు. ఫోన్ చేసింది అతను కాదు కదా, పాపం అతనేం చేస్తాడు అనుకుని బస్సెక్కుతాం.

బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లలు అక్కడి షాపులో అదే ఫోన్ కొంటే కథ వేరుగా నడుస్తుంది. ఫోన్ చెడితే అక్కడ చట్టప్రకారం జవాబు చెప్పాల్సింది అమ్మిన షాపే. ‘కంపెనీని అడుక్కోండి’ అని తప్పించుకునే వీలు షాపుకు లేదు. ఫోన్ ఒకటే, కంపెనీ ఒకటే, లోపమూ ఒకటే. జవాబుదారీ మాత్రం మారిపోయాడు. ఎలా మారాడు, మారడం వల్ల కొన్నవాడికి ఏం ఒరిగింది అన్నది రెండు ఏర్పాట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ తెలియదు.

ఒకే చట్టం, రెండు దారులు

తమాషా ఏమిటంటే ఈ రెండు ఏర్పాట్లూ ఒకే చోట మొదలయ్యాయి. 1893లో బ్రిటిష్ పార్లమెంటు సరుకుల విక్రయ చట్టం చేసింది. దాన్నే నమూనాగా పెట్టుకుని 1930లో మన దేశానికి సరుకుల విక్రయ చట్టం వచ్చింది. ఇప్పటికీ అదే అమల్లో ఉంది. అందులో 16వ సెక్షన్ చదివితే మన షాపువాళ్లు ఆశ్చర్యపోతారు. ఒక రకం సరుకు అమ్మడమే వ్యాపారంగా పెట్టుకున్నవాడి దగ్గర ఆ రకం సరుకు వివరం చెప్పి కొంటే, అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్న షరతు బిల్లు మీద రాయకపోయినా ఉన్నట్టే లెక్క. ఆ షరతు కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య ఉన్నది. తయారు చేసినవాడి ప్రస్తావనే అక్కడ లేదు.

అంటే 1930 నుంచీ మన చట్టం కూడా మొదట చూపేది అమ్మినవాణ్నే. మరి బిల్లు అడుగున ఆ రెండు వాక్యాలు ఎలా నిలబడుతున్నాయి? జవాబు 62వ సెక్షన్‌లో ఉంది. చట్టం తనంతట తాను కల్పించే ఇలాంటి హక్కులను ఇరుపక్షాలూ స్పష్టమైన ఒప్పందంతో తీసేసుకోవచ్చు, ఇద్దరినీ కట్టిపడేసే వ్యాపార వాడుక ఉంటే దానితోనూ తీసేసుకోవచ్చు అంటుంది ఆ సెక్షన్. 1893 నాటి బ్రిటిష్ చట్టంలోనూ ఇలాంటి వెసులుబాటే ఉండేది. గోధుమల ఓడలు, పత్తి బేళ్లు కొనే వర్తకులిద్దరూ సమానంగా తూగే కాలంలో అది సబబే. రైతుబజారు పక్క షాపులో పదిహేను వేలు పెట్టి ఫోన్ కొనే మనిషికీ, బిల్లు పుస్తకం అచ్చేయించుకున్న షాపుకూ మధ్య ఆ సమానత ఎక్కడిది?

బ్రిటన్ ఈ సంగతిని 1973లో పట్టించుకుంది. మామూలు కొనుగోలుదారుల విషయంలో ఈ హక్కులను రాతకోతలతో తీసేయడం చెల్లదని చట్టం చేసింది. 1977లో అన్యాయమైన ఒప్పంద షరతుల మీద ఇంకో చట్టం తెచ్చింది. 2015 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల హక్కుల చట్టం వీటన్నిటినీ ఒకచోట చేర్చింది. అక్కడి షాపు తన బిల్లు మీద ‘మాకు సంబంధం లేదు’ అని ఎంత పెద్ద అక్షరాలతో అచ్చేసినా దానికి విలువ లేదు. మనం మాత్రం 62వ సెక్షన్‌ను అలాగే ఉంచుకున్నాం. రెండు దేశాల మధ్య తేడా అంతా ఈ ఒక్క తలుపు మూయడంలో, మూయకపోవడంలో ఉంది.

మొదటి ముప్పై రోజులు

కొత్త ఫోన్ విషయంలో అసలు గొడవ మొదటి నెలలోనే. డిస్‌ప్లే మీద గీత పడటం, ఫోన్ వేడెక్కడం, చార్జింగ్ ఎక్కకపోవడం ఎక్కువగా అప్పుడే బయటపడతాయి.

బ్రిటిష్ చట్టం ఇక్కడ సూటిగా ఉంటుంది. కొన్న 30 రోజుల్లోపు లోపం ఉందని చూపగలిగితే ఫోన్ తిరిగిచ్చేసి మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. బాగు చేయించుకోమని షాపు బలవంతపెట్టడానికి లేదు. వాపసుకు ఒప్పుకున్నాక 14 రోజుల్లో డబ్బు ఇచ్చెయ్యాలి. ఆన్‌లైన్‌లో కొంటే ఇంకో అడుగు ముందుకు: చేతికి వచ్చిన 14 రోజుల్లోపు ఏ కారణమూ చెప్పకుండానే ఆర్డర్ రద్దు చేసుకోవచ్చు.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనూ ముప్పై రోజుల మాట ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. లోపమున్న సరుకును వాపసు తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార విధానమని ఆ చట్టం 2(47) సెక్షన్‌లో కొత్తగా చేర్చింది. కానీ గడువు విషయంలో వాక్యం అక్కడే మెలిక తిరిగింది: బిల్లులో పేర్కొన్న గడువులోపు, బిల్లులో గడువేదీ లేకపోతే 30 రోజుల్లోపు. అంటే బిల్లు మీద ‘ఏడు రోజులు’ అని అచ్చేస్తే గడువు ఏడు రోజులే. కొనేవాడికి రక్షణగా రావాల్సిన గడువును అమ్మేవాడి ప్రింటింగ్ ప్రెస్ నిర్ణయిస్తోంది. బ్రిటన్‌లో ముప్పై రోజులు చట్టం పెట్టిన నేల. అంతకంటే కిందికి షాపు దిగలేదు. మన దగ్గర ముప్పై రోజులు షాపువాడు రాయడం మర్చిపోతే దక్కే గడువు.

ఆన్‌లైన్ కొనుగోళ్లలో మనకున్న నియమాలు నిజానికి మెరుగ్గానే ఉన్నాయి. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, వేదిక మీద అమ్మే విక్రేత లోపమున్న సరుకును వాపసు తీసుకోనని చెప్పకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో వేదిక తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆచరణలో జరిగేది వేరు. యాప్‌లో ‘రిటర్న్’ నొక్కితే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, ఫోన్ పుట్టుకతోనే చెడిందని కాగితం తెచ్చుకోమంటుంది. పాడేరులో ఉన్న మనిషికి ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ విశాఖలో ఉంటే, ఆ ఒక్క కాగితం కోసం వంద కిలోమీటర్లు దాటిన ఘాట్ రోడ్డు ప్రయాణం. ఇంటి గుమ్మం దాకా ఫోన్ తెచ్చివ్వగలిగిన వ్యవస్థకు, అదే గుమ్మం నుంచి చెడిన ఫోన్ తీసుకెళ్లడం ఎందుకు చేతకాదో ఎవరూ చెప్పరు.

రుజువు భారం ఎవరిది?

నెల దాటాక రెండు దారుల మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. బ్రిటన్‌లో మొదటి ఆరు నెలల్లో బయటపడిన లోపం, కొన్ననాడే ఉన్నట్టు చట్టం అనుకుంటుంది. కాదు, కొన్నవాడే పాడుచేశాడని షాపు రుజువు చేసుకోవాలి. బాగు చేయడానికో, మార్చి ఇవ్వడానికో షాపుకు ఒక్క అవకాశం ఉంటుంది. ఆ తర్వాత కూడా ఫోన్ సరిగా లేకపోతే డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆరు నెలల్లోపు అయితే ‘ఇన్నాళ్లు వాడుకున్నావు కదా’ అని కోత వేయడానికీ వీల్లేదు.

మన సర్వీస్ సెంటర్‌లో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. టోకెన్ పిలిచాక కౌంటర్‌లో అమ్మాయి ఐఎంఈఐ నంబర్ కొడుతుంది, బిల్లు ఫొటో తీసుకుంటుంది. తర్వాత ఫోన్‌ను వెలుతురులో తిప్పి చూస్తుంది. వెనక మూత మీద గీతలు, మూలన సొట్ట, చార్జింగ్ రంధ్రంలో దుమ్ము... అన్నీ జాబ్ షీట్‌లో ఎక్కుతాయి. సిమ్ ట్రే తీసి లోపలున్న చిన్న తెల్ల స్టిక్కర్ వైపు చూస్తుంది. అది ఎర్రబడి ఉంటే నీళ్లు తగిలినట్టే, వారంటీ పోయినట్టే. వానాకాలంలో గోదావరి జిల్లాల్లో చొక్కా జేబులో ఫోన్ పెట్టుకు తిరిగే మనిషి ఆ స్టిక్కర్‌తో ఏం వాదిస్తాడు? ఫోన్లో ఉన్న ఫొటోలు పోతే బాధ్యత మాది కాదన్న చోట సంతకం పెట్టించుకున్నాక కాగితం చేతికిస్తారు. ఆ కాగితం అంతా కొన్నవాడి తప్పుల పట్టికలా ఉంటుంది. ‘కస్టమర్ ఫిర్యాదు: హీటింగ్’ అన్న ముక్క మాత్రం ఒక మూలన ఉంటుంది.

ఇక్కడ తీర్పరి ఎవరు? తప్పు ఒప్పుకుంటే ఖర్చు పడే కంపెనీయే తన తప్పు ఉందో లేదో తేలుస్తోంది. బాగు చేసి ఇచ్చిన ఫోన్ మళ్లీ చెడితే మళ్లీ బాగుచేస్తారు. ఎన్నిసార్లు అనే హద్దు వారంటీ కార్డుల్లో సాధారణంగా కనిపించదు. విసిగి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే, లోపం పైకి కనిపించనిదైతే లాబొరేటరీ పరీక్షకు పంపుతారు. ఆ ఫీజు ముందుగా ఫిర్యాదుదారుణ్నే కట్టమని కమిషన్ అడగవచ్చు. రుజువు భారం మన వైపే వాలి ఉంది.

తయారీదారు వారంటీ మీదే ఆధారపడితే ఎంత దూరం వెళ్లగలమో సుప్రీంకోర్టు 2006లో మారుతి కారు కేసులో చెప్పింది. చెడిన భాగాన్ని బాగు చేయడమో మార్చడమో చేస్తామని మాత్రమే వారంటీలో ఉంటే, కంపెనీ నుంచి మొత్తం బండి ధర రాబట్టడం కుదరదంది. 2021లో టాటా మోటార్స్ కేసులో ఇంకో వైపు తేలింది. కంపెనీకీ డీలరుకూ మధ్య ఉన్నది సొంత పూచీ మీద సరుకు కొని అమ్ముకునే సంబంధమైతే, కంపెనీకి తెలియకుండా డీలరు చేసిన తప్పుకు కంపెనీ బాధ్యత వహించదని. రెండూ కార్ల కేసులే, చట్టం దృష్టిలో రెండూ సరైనవే కావచ్చు. కానీ ఫోన్ కొన్నవాడు వాటిని కలిపి చదువుకుంటే అర్థమయ్యేది ఒకటే: తయారీదారు ఇచ్చిన కాగితం ఎంత వరకు రాస్తే అంత వరకే పనికొస్తుంది.

ఈఎంఐ సంగతి

మన దగ్గర ఫోన్లు వాయిదాల మీద కొనేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. ఫోన్ సర్వీస్ సెంటర్‌లో నెల రోజులు పడి ఉన్నా ఐదో తారీఖున ఈఎంఐ కట్ అవుతూనే ఉంటుంది. ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ మంచిచెడులతో పనిలేదు. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ ఈ ముడినీ వేసింది. 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్లలోపు ధర ఉన్న వస్తువును క్రెడిట్ కార్డు మీద కొంటే, అమ్మినవాడితోపాటు అప్పిచ్చినవాడూ సమానంగా బాధ్యుడు. షాపు మూతపడినా బ్యాంకును అడగవచ్చు. అమ్మకంలో లాభం పంచుకున్న ప్రతివాడూ పూచీలోనూ పాలు పంచుకోవాలన్నది అందులో ఉన్న నీతి. మన ‘జీరో కాస్ట్ ఈఎంఐ’ ప్రకటనల్లో లాభం పంపకం ఉంది, పూచీ పంపకం లేదు.

ముగ్గురున్నా ఎవరూ లేనప్పుడు

అమ్మినవాడా చేసినవాడా అన్నది తేల్చకుండా వదిలేస్తే ఏమవుతుందో 2010లో గూగులే చూపించింది. ఆ ఏడాది జనవరి 5న నెక్సస్ వన్ ఫోన్ విడుదల చేసి, షాపులకు ఇవ్వకుండా తన వెబ్‌స్టోర్‌లోనే అమ్మింది. ఒప్పందం లేకుండా 529 డాలర్లు, టీ-మొబైల్‌తో రెండేళ్ల ఒప్పందం చేసుకుంటే 179 డాలర్లు. తయారీ హెచ్‌టీసీది, నెట్‌వర్క్ టీ-మొబైల్‌ది, సాఫ్ట్‌వేరూ అమ్మకమూ గూగుల్‌వి. 3జీ సిగ్నల్ నిలవడం లేదని కొన్నవాళ్లు మొత్తుకుంటే ఎవరిని అడగాలో తెలియలేదు. సిగ్నల్ లోపం ఫోన్‌దా, టవర్‌దా, సాఫ్ట్‌వేర్‌దా అన్నది తేల్చే చోటు లేదు. గూగుల్ మొదట్లో ఈమెయిల్ ద్వారానే జవాబులిచ్చింది. ఫిబ్రవరిలో గానీ ఫోన్ లైన్ పెట్టలేదు. మే నెలలో వెబ్‌స్టోర్ మూసేస్తామని ప్రకటించి, జనం ఫోన్ చేతిలో పట్టి చూసి కొనాలనుకుంటున్నారని కారణం చెప్పింది. నిజమే కావచ్చు. కానీ చేతిలో పట్టి చూసే షాపు లేనిచోట, చెడినప్పుడు తిరిగి పెట్టే బల్ల కూడా లేదన్నది ఆ కథలో రెండో సగం.

దీనికి ఎదురుగా 2016 నాటి శాంసంగ్ నోట్ 7 కథ పెట్టి చూడాలి. బ్యాటరీలు కాలిపోతున్నాయని తేలాక సెప్టెంబర్ 2న కంపెనీ అమ్మకాలు ఆపి ఫోన్లు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. తప్పు నూటికి నూరుపాళ్లు తయారీది. అయినా అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ జనానికి చెప్పింది కొన్న చోటికే వెళ్లమని: నెట్‌వర్క్ కంపెనీ షాపు అయితే అక్కడికి, వేరే దుకాణమైతే అక్కడికి, శాంసంగ్ వెబ్‌సైట్ అయితే అక్కడికి. ఖర్చు తయారీదారుది, గుమ్మం అమ్మినవాడిది. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు అందరికీ తోచిన దారి అదే. మామూలు రోజుల్లో మాత్రం ఎందుకు తోచకూడదు? కిరాణా కొట్టులో తెచ్చిన కందిపప్పులో పురుగుంటే మనం మిల్లు అడ్రసు వెతకం, కొట్టుకే వెళ్లి సంచీ బోర్లిస్తాం. ఫోన్ విషయంలోనూ న్యాయం అంతే.

కంపెనీ చేయాల్సింది కంపెనీయే చేయాలి

ఇంతవరకూ చెప్పిందాన్ని బట్టి తయారీదారుకు ఏ పనీ లేదనుకుంటే పొరపాటు. మదర్‌బోర్డు మార్చడం షాపు కుర్రాడి వల్ల కాదు. అసలైన స్పేర్ పార్టు కంపెనీ దగ్గరే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రాసేది కంపెనీయే. యూరప్ ఈ విషయంలో కొంత తడబడింది కూడా. 2022 జనవరి నుంచి అమలవుతున్న ఈయూ ఆదేశం 2019/771, ఫోన్‌కు అవసరమైన అప్‌డేట్లు అందేలా చూసే బాధ్యతను అమ్మినవాడి మీదే పెట్టింది. ఒక్క లైను కోడు కూడా రాయలేని దుకాణదారు ఆ మాట ఎలా నిలబెట్టుకుంటాడు? ఆ లోటు 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన ఈయూ ఎకోడిజైన్ నియమాలతో కొంత తీరింది. మార్కెట్లో ఆ మోడల్ ఆఖరి ఫోన్ విడుదలైన నాటి నుంచి కనీసం ఐదేళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, ఏడేళ్లు ముఖ్యమైన స్పేర్ పార్టులు అందుబాటులో ఉంచాల్సింది తయారీదారే. పూచీ గడువు దాటాక కూడా బాగుచేసే బాధ్యతను తయారీదారు మీద పెట్టే ఆదేశం 2024లో వచ్చింది.

కంపెనీయే షాపు కూడా పెట్టుకుంటే ఇద్దరి బాధ్యతా కలిసిపోతుంది కదా అనవచ్చు. అలా కలిసినచోట కూడా కన్నేసి ఉంచాలని ఇటలీ అనుభవం చెబుతుంది. ఈయూ చట్టం అమ్మినవాడి నుంచి రెండేళ్ల పూచీ ఇస్తుంటే, ఆ సంగతి కొన్నవాళ్లకు సరిగా చెప్పకుండా తన సొంత రక్షణ పథకాన్ని డబ్బుకు అమ్ముతోందని 2011 డిసెంబర్‌లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఆపిల్‌కు తొమ్మిది లక్షల యూరోల జరిమానా వేసింది. మన షాపుల్లో ఫోన్‌తోపాటు ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’ అంటగట్టే వేళ ఈ కేసు గుర్తుంచుకోదగ్గది. చట్టప్రకారం ఉచితంగా రావాల్సినదాన్ని ముందు దాచి, తర్వాత అదే అమ్మడం ఎక్కడైనా లాభసాటి వ్యాపారమే.

షాపువాడి గోడు

ఇదంతా చదివిన దుకాణదారు అడిగే ప్రశ్న న్యాయమైనది: ‘మాకు మిగిలేదే కొంచెం, చెడిన ఫోన్లన్నీ మేం వాపసు తీసుకుంటే మా కొట్టు ఏమవుతుంది?’ ఈ గోడు ఊహ కాదు. 2024 ఏప్రిల్‌లో దక్షిణాది రిటైలర్ల సంఘం, మే 1 నుంచి తమ దుకాణాల్లో వన్‌ప్లస్ ఉత్పత్తులు అమ్మబోమని ఆ కంపెనీకి లేఖ రాసింది. ఆ సంఘంలోని దుకాణాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఉన్నాయి. మార్జిన్లు తక్కువన్నది ఒక ఫిర్యాదైతే, వారంటీ, సర్వీస్ క్లెయిములను కంపెనీ సమయానికి తేల్చడం లేదన్నది ఇంకొకటి. అంటే సర్వీస్ సెంటర్‌లో మనం పడే పాట్లు షాపువాళ్లూ పడుతున్నారు. కంపెనీ జాప్యం చేస్తే నష్టం వాళ్లకూ తగులుతోంది.

దీనికి మందు అమ్మినవాణ్ని వదిలేయడం కాదు. యూరప్ ఆదేశంలోనే ఆ మందు ఉంది: కొన్నవాడికి జవాబు చెప్పిన చివరి విక్రేత, ఆ ఖర్చును పైనున్న డిస్ట్రిబ్యూటరు నుంచో తయారీదారు నుంచో రాబట్టుకునే హక్కు. కొన్నవాడు ఒంటరి. షాపు ఆ కంపెనీ ఫోన్లు నెలకు వందల్లో అమ్ముతుంది, ‘ఇక అమ్మం’ అని బెదిరించగలదు, ఆ సంఘం బెదిరించింది కూడా. కంపెనీతో కొట్లాడే బలం ఎవరికుందో వాళ్లకే ఆ పని అప్పగించడం ధర్మం. ఇప్పుడు మనం చేస్తున్నది సరిగ్గా దానికి తలకిందులు. అందరికంటే బలహీనుణ్ని అందరికంటే బలవంతుడి దగ్గరికి టోకెన్ ఇచ్చి పంపుతున్నాం.

తేల్చాల్సింది ఇది

రెండు దారులనూ పక్కన పెట్టి చూస్తే నాకు సందేహం లేదు. కొత్త ఫోన్‌కు మొదటి జవాబుదారీ బిల్లు ఇచ్చినవాడే. పనితనం, స్పేర్ పార్టులు, అప్‌డేట్లు, చివరి ఖర్చు తయారీదారువి. అందుకు మన చట్టంలో మార్చాల్సినవి పెద్దవేం కావు. 62వ సెక్షన్ మామూలు కొనుగోలుదారులకు వర్తించదని ఒక వాక్యం చేర్చాలి. 2(47)లో ‘బిల్లులో పేర్కొన్న గడువు’ ముప్పై రోజులకు తగ్గకూడదని ఇంకో వాక్యం రాయాలి. ఆరు నెలల్లోపు లోపం బయటపడితే రుజువు భారం అమ్మినవాడిదనాలి. షాపు పెట్టిన ఖర్చు కంపెనీ నిర్ణీత గడువులో చెల్లించాలనాలి.

చట్టం మారేదాకా ఉన్నదాన్నే వాడుకోవాలి. ఫోన్ చెడితే సర్వీస్ సెంటర్‌కి బయలుదేరే ముందు, బిల్లు మీదున్న గడువు చూసుకుని ఆలోపే, గడువేదీ లేకపోతే 30 రోజుల్లోపు, అమ్మిన షాపుకో వెబ్‌సైట్‌కో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ఆధారం దాచుకోండి. సర్వీస్ సెంటర్‌కి వెళ్లిన ప్రతిసారీ జాబ్ షీట్ అడిగి తీసుకోండి. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆపై మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. వేసేటప్పుడు మాత్రం షాపును, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరి మీద ఒకరు నెట్టుకోవాలనుకుంటే ఆ పని కమిషన్ ముందే చేసుకుంటారు.